వక్క నమిలినంతసేపు

పోయిన వారం మా బడిలో మధ్యాహ్నం అన్నాల వేళ, కొత్తగా చేరిన టీచరొకావిడ ఫోను మోగగానే లేచింది. పక్కనున్న ఖాళీ తరగతి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను కంచం ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, రెండో చేత్తో ఆ తలుపు తోసేశాను. ఆ అమ్మాయి బెదిరిపోయి చూసింది. అవతల మాట్లాడుతున్నది వాళ్ల అత్తగారట. ఏమీ అనుకోవద్దని చెప్పి వచ్చి కూర్చున్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని మామ్మగారు ఉండి ఉంటే నవ్వేది కాదు. "తలుపేసుకొని ఫోన్ మాటాడీవోల్లని సూస్తే నాకు కాల్లు సల్లబడిపోతాయమ్మా" అనేది.

ఒడిశాలోని బరంపురంలో నేను పైవాటాలో అద్దెకుండే ఇల్లు ఆవిడది. ఇచ్ఛాపురం నుంచి ఇక్కడి తెలుగు బడికి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కింద వాకిట్లో ఎప్పుడూ అప్పడాల పీటలు చప్పుడు చేస్తూ ఉండేవి. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి అప్పడాలు ఒత్తేవారు, వేసవి వస్తే మామిడికాయలు కొట్టేవారు. ఆ సరుకంతా మామ్మగారి చేతి మీదుగా గంజాం ఊళ్లన్నిటికీ వెళ్లేది. కొడుక్కి బజార్లో బట్టల కొట్టు ఉన్నా, వాకిటి వ్యాపారం మాత్రం ఆవిడదే. అందులో కొడుకు మాట చెల్లదు.

పొట్టి మనిషి. ముక్కుకి రెండు వైపులా రాళ్ల పుడకలు. కళ్లజోడుకి దారం కట్టి మెళ్లో వేసుకునేది గాని, దాన్ని కళ్లకి పెట్టుకోగా చూసింది తక్కువ. కొత్త పిండి కలిపిన రోజు ఒక అప్పడం వేయించి, నోట్లో పెట్టుకోకుండా చెవి దగ్గర పెట్టి విరిచేది. విని, తల ఊపితే సరే. "పలకనేదు" అందంటే ఆ వాయి మొత్తం మళ్లీ ఎండలోకి పోవలసిందే.

బేరాల్లో ఆవిడ పద్ధతి వేరు. కొడల అనే ఊరినుంచి ఒక వర్తకుడు వచ్చేవాడు, మాటకారి. అప్పడాల ధర అతనొక మాట చెప్పగానే మామ్మగారు బొడ్లో సంచి విప్పి, అడకత్తెరతో వక్క కత్తిరించి, ఒక పలుకు నోట్లో వేసుకునేది. ఇక మాట్లాడదు. నెమ్మదిగా నములుతుంది. ఆ మనిషి ఎండ గురించి, బస్సుల గురించి, తన కూతురి చదువు గురించి చెప్పుకొస్తాడు. ఈవిడ నములుతూనే ఉంటుంది. చివరికి అతనే, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు, "సరే మౌసీ, నీ మాటే కానీ" అని దిగొచ్చేవాడు. ఒకసారి నేను ఇదేం కిటుకు మామ్మగారూ అని అడిగితే, "కిటుకేటి నేదమ్మా. నాకు బేగి ఆలోచన రాదు. వక్క నమిలినంతసేపు కావాల" అంది.

ఫోన్లో డబ్బు తీసుకోవడం కూడా ఆవిడే నేర్చుకుంది. గుమ్మం పక్కన నలుపు తెలుపు గడుల బొమ్మ ఒకటి అతికించారు. ఎవరైనా ఫోనుతో దాన్ని స్కాన్ చేసి డబ్బు పంపితే, ఎంత వచ్చిందో బల్ల మీద చిన్న పెట్టె గట్టిగా చెప్పేది. పెట్టె పలికినప్పుడల్లా మామ్మగారు ఎక్కడున్నా, వంటింట్లో ఉన్నా సరే, "ఆఁ, ఇన్నాను" అని దానికి జవాబు చెప్పేది.

అది మామిడికాయల రోజుల్లో జరిగింది. ఎండలకి మాకు ఉదయం బడి. నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో కాయలు కొట్టే కత్తి చప్పుడు లేదు. ఆడవాళ్లు ముక్కల ముందు ఊరికే కూర్చుని ఉన్నారు. మామ్మగారి గది తలుపు వేసి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"కరెంటాపీసు నుంచి ఫోనంటమ్మా. మాటాడుతున్నారు. అల్లరి సెయ్యొద్దన్నారు" అంది ఒకామె.

కాసేపటికి తలుపు తీసుకుని మామ్మగారు బయటికి వచ్చింది. చెమటతో మొహం తడిసిపోయి ఉంది గాని గెలిచినట్టే ఉంది. "బతికినాం! పాత బిల్లు ఏదో ఎక్కనేదంట. ఇప్పుడే తీగ కోసేస్తామన్నారు. ఆవాలు ఎలగ పట్టీది, కాయలన్నీ కుల్లిపోవూ? ఆ బాబు మంచోడు. దగ్గరుండి అన్నీ నా సేతే నొక్కించినాడు" అంది. అంటూనే ఫోను నా చేతికిచ్చింది. "ఇదిగో టీచరమ్మా, డబ్బులు ఒస్తున్నట్టున్నాయి, టింగు టింగుమంటన్నాది. ఈ పెట్టెకేటి నోరు పడిపోనాది? ఒక్కటీ పలకదేటి?"

సందేశాలు చదివాను. వస్తున్నవి కావు. అన్నీ పోతున్నవే.

ఆ "మంచోడు" ఆవిడ చేత ఫోన్లో ఏదో యాప్ వేయించాడు. ఆవిడ తెర మీద నొక్కే ప్రతి అంకె అక్కడ వాడికి కనబడుతూనే ఉంది. నేను ముందు ఫోనుకి నెట్టు ఆపేశాను. "కార్డు ఏదీ, బేగి!" అన్నాను, ఆవిడ భాషలోనే. కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరుకి నా ఫోన్ నుంచి చేసి ఖాతా ఆపించాను. ఆ తరవాత సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకి చేశాను. చాలాసేపు పాట వినిపించింది. అవతల అమ్మాయి ఒక్కొక్క సందేశంలోని అంకెలు అడుగుతుంటే చదువుతున్నాను. మామ్మగారు నా పక్కనే నిలబడి నా పెదాలనే చూస్తోంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడకి అర్థమైపోయింది. పీట లాక్కుని కూర్చుంది.

వెంటనే ఆటో కట్టించుకుని బ్యాంకుకి వెళ్లాం. అక్కడి ఆఫీసరు ఒడియా ఆయన, నెమ్మదైన మనిషి. "తొందరగా వచ్చారు, మంచి పని చేశారు. పోయిన డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో అక్కడ ఆపమని పంపుతాం. ఎంత దొరుకుతుందో చెప్పలేను. ఈ సందేశాలేవీ చెరిపెయ్యకండి, పోలీసులకి చూపించాలి" అన్నాడు. ఆయన ఇచ్చిన కాయితాల మీద మామ్మగారు సంతకాలు పెట్టింది. తిరిగి ఆటోలో వస్తుంటే అంది.

"ఆడు నన్ను వక్క నమలనివ్వనేదమ్మా."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"సంచిలో సెయ్యెట్టినాను. ‘మౌసీ, టైము నేదు, నైన్‌మేన్ తీగ కొయ్యడానికి స్తంభమెక్కేసినాడు’ అన్నాడు. సెయ్యి తీసేసినాను. అల్లరగున్నాది, తలుపేసుకో అన్నాడు. ఏసుకున్నాను. నాను! కొడల వర్తకుణ్ణి కూకోబెట్టీదాన్ని!" అని కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి భోజనాల ముందు కొడుకు పైకి వచ్చి నన్ను కూడా కిందికి పిలిచాడు. చెడ్డవాడు కాదు. తల్లిని ఒక్క మాటా నిందించలేదు. "అమ్మా, పోనాది పోనాది. గాని బయట ఎవుల్లకీ సెప్పకు. టీచరుగారూ, మీరూ అనకండి. బజారంటే ఏటనుకున్నారు? ఆల్ల డబ్బు ఎవుడో ఎత్తుకుపోనాడంట అంటే రేపు మనకి సరుకు అరువిచ్చేవోడు కూడా ఆలోచిస్తాడు. పరువు పోతాది" అన్నాడు. కోడలు గుమ్మంలో నిలబడి తల ఊపింది.

మర్నాడు పొద్దున్న ఆడవాళ్లు పీటలు పరుచుకుంటున్నారు. మామ్మగారు వచ్చి మధ్యలో నిలబడింది.

"అప్పడాల కర్రలు పక్కనెట్టండి. నాకు నిన్న ఏటి జరిగినాదో సెప్తాను, ఇనుకోండి."

చెప్పింది. ఊరికే చెప్పడం కాదు, వాడి గొంతు పెట్టి "మౌసీ, మౌసీ" అంటూ, తను చెయ్యి సంచిలో పెట్టి తీసెయ్యడం, తలుపు వేసుకోవడం, అన్నీ చేసి చూపించింది. మొదట కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మధ్యలో ఒకామె నవ్వు ఆపేసి, "ఓలమ్మా! నాకూ ఇలగే మొన్న బ్యాంకంటూ ఫోనొచ్చినాది. రేపు చేస్తాన్లెండి అన్నాను" అంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. వాళ్లందరికీ బ్యాంకు ఖాతాలున్నాయి. కూలి డబ్బులు, ప్రభుత్వం వేసే డబ్బులు అందులోనే పడతాయి. మామ్మగారు వాళ్ల ఫోన్లు ఒక్కొక్కటీ నా చేత చూపించింది, ఎవరి ఫోన్లో తెలియని యాప్ ఉందో అని.

అక్కడితో ఆగలేదు. సరుక్కి వచ్చిన వాళ్లందరికీ చెప్పింది. కొడల వర్తకుడికీ చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు. బజార్లో ఆవిడకి ‘కరెంటు మామ్మ’ అని పేరు పడింది. ఆ పేరు కొడుకు చెవిన పడిన రోజు, అతను అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

"నవ్వనీయిరా. నవ్వినోడు మరిసిపోడు" అంది ఆవిడ అతని వెనకనుంచి. అతను తిరిగి చూడలేదు. ఆ తరవాత చాలా రోజులు తల్లితో ముభావంగానే ఉన్నాడు.

ఆవిడకి బాధ లేదనుకోకండి. ఫోను మోగితే ఉలిక్కిపడేది. బల్ల మీది పెట్టెని కొన్నాళ్లు అటకెక్కించేసింది. చేతిలో డబ్బు చాలక ఆ ఏడు మామిడికాయలు ఎప్పటిలా దించలేకపోయింది. కాయలు తెచ్చే లారీ మా గుమ్మం ముందు ఆగకుండా పోతుంటే, అరుగు మీద కూర్చుని అది మలుపు తిరిగేదాకా చూసింది. తరవాత నేనూ బ్యాంకాయనా చెప్పగా, ఫోనుకి ముడిపెట్టిన ఖాతాలో ఆ వారం ఖర్చు మాత్రమే ఉంచి, మిగతాది వేరే ఖాతాలోకి మార్పించుకుంది. దానికి ఫోను లేదు, కార్డు లేదు. మనిషి వెళ్లి నిలబడితేనే డబ్బు. పెట్టె అప్పుడే మళ్లీ కిందికి దిగింది.

ఈలోగా ఒక తమాషా జరిగింది. ఎవరో ఫోన్ చేశాడు. పోయిన డబ్బు దొరికిందట. తిరిగి ఇవ్వడానికి చిన్న రుసుము కట్టాలట, ఫోనుకి వచ్చిన అంకెలు చెబితే చాలట. ఒకసారి మోసపోయిన వాళ్ల మీదికి రెండోసారి ఇలా వస్తారని పోలీసులు ముందే చెప్పారు. మామ్మగారు ఫోన్ని అందరికీ వినబడేలా పెట్టి, వాకిట్లో పీట మీద ఉంచింది. అడకత్తెర తీసింది. వక్క కత్తిరించింది. నోట్లో వేసుకుంది.

"హలో? మౌసీ, ఉన్నారా? హలో?"

నములుతోంది.

"మౌసీ, ఆలస్యమైతే డబ్బు వెనక్కి పోతుంది. అంకెలు చెప్పండి."

నములుతూనే ఉంది. వాకిట్లో ఆడవాళ్లు కర్రలు ఆపేశారు. వాడి గొంతులో మర్యాద తగ్గింది, తరవాత కోపం వచ్చింది, ఆఖరికి బూతు వచ్చింది. మామ్మగారు లేచి వెళ్లి తూము దగ్గర ఉమ్మేసి, తీరిగ్గా వచ్చి, "బాబూ, మీ ఆపీసు ఏ ఈదిలో ఉన్నాదో సెప్పు. నానే ఒస్తాను" అంది. ఫోను కట్టయింది.

"పలకనేదు" అంది మామ్మగారు. ఆ రోజు వాకిట్లో నవ్వులు ఆగలేదు.

వానలు మొదలయ్యాక సైబర్ పోలీసు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. పోయిన దాంట్లో కొంత ఒక ఖాతాలో ఆగిందట, వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నారు. నన్ను తోడు రమ్మంది. అక్కడ వరండాలో బెంచీ మీద మాకంటే ముందే ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. ఒళ్లో నిద్రపోతున్న చిన్న పిల్ల. తడిసిన చీర అలాగే ఒంటి మీద ఆరిపోతోంది. అస్కా దగ్గర పల్లె నుంచి తెల్లవారకముందే బయలుదేరిందట. పేరు సుకాంతి.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఒడియాలోనే. కాని మామ్మగారి మాటలు నాకెప్పుడూ ఆవిడ తెలుగులోనే గుర్తుంటాయి.

"ఏటైనా తిన్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, తెచ్చుకున్న మరమరాల పొట్లం విప్పి ఇద్దరి మధ్యా పెట్టింది. పిల్ల లేచి తినసాగింది. సుకాంతి మెల్లగా చెప్పుకొచ్చింది. చెరుకు నరికే పనికి వెళ్తుంది. కూలి డబ్బు బ్యాంకులోనే పడుతుంది. ఇప్పుడు ఖాతా ఆపేశారు, తన డబ్బు తనకే ఇవ్వటం లేదు. ఎందుకని అడిగితే ఇక్కడికి వెళ్లమన్నారు.

"ఎందుకాపీసినారు?"

"నా పేరు మీద కొత్త ఖాతా ఒకటి తీయించారు. ఏదో కంపెనీకి కావాలన్నారు. కార్డు, సిమ్ము వాళ్లే తీసుకున్నారు. నాకు కొంచెం డబ్బిచ్చారు. పిల్లకి జ్వరంగా ఉండింది" అంది సుకాంతి.

అప్పుడే లోపలినుంచి పిలుపు వచ్చింది. ముగ్గురం వెళ్లాం. ఇన్‌స్పెక్టరు కంప్యూటర్లోంచి తల ఎత్తి, మామ్మగారితో, "మీ డబ్బు ముందుగా పడింది ఈవిడ పేరు మీద తీసిన ఖాతాలోనే" అన్నాడు.

మామ్మగారు సుకాంతి వైపు చూసింది. పిల్ల చేతిలో ఇంకా మరమరాలున్నాయి. సుకాంతి వంగి ఆవిడ కాళ్లు పట్టుకోబోయింది. మామ్మగారు కాళ్లు వెనక్కి లాక్కుని, గది బయటికి నడిచేసింది.

నేను వెనకాలే వెళ్లాను. వరండా చివర వాన జల్లు పడే చోట నిలబడి ఉంది.

"నా వాకిట్లో అన్ని సేతులు కట్టపడి సంపాయించిన డబ్బు అది" అంది. "దానికి తెల్దా? ఊరికే డబ్బిస్తే ఎందుకిస్తన్నారో అడగొద్దా?"

జల్లు పడిన మొహం కొంగుతో తుడుచుకుని, "నానడిగినానేటి? నానూ అడగనేదు" అంది.

మేము తిరిగి లోపలికి వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నాడు. కార్డు ఎవరు తీసుకున్నారు? సుకాంతి నేల చూస్తోంది. తెలియదంటోంది. ఊరి పేరు చెప్పదు, మనిషి పేరు చెప్పదు. చెప్పకపోతే కేసు ఆమె మీదే నిలుస్తుందని ఆయన విసుక్కుంటున్నాడు.

మామ్మగారు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"ఎవుడు ఆడు? మీవోడా?"

సుకాంతి పిల్ల జుట్టు సవరిస్తూ, "చెరుకు నరికే పని చూపించేది ఆయనే. పేరు చెబితే ఈ ఏడు పనికి పిలవడు. ఊళ్లో ఇంకెవరూ పిలవరు" అంది. "ఊళ్లో తెలిస్తే దొంగదాన్నంటారు."

"అంటారు" అంది మామ్మగారు. "నన్ను బజారంతా నవ్వినారు. నా కొడుకు నాతో సరిగ్గా మాటాడ్డం నేదు. అయినా నాను సెప్పడం మాననేదు. నువ్వు సెప్పకపోతే ఆడు రేపు ఇంకో ఆడగుంట కార్డు అట్టుకుపోతాడు. నీ మీద నాకు కోపం పోనేదు. అది ఉన్నాది. ఉన్నా నీ పక్కన కూకున్నాను. సెప్పు."

సుకాంతి పిల్లని దగ్గరికి తీసుకుంది. తరవాత పేరు చెప్పింది. తను ఒక్కతే కాదనీ, తమ ఊళ్లో ఇంకెవరెవరి కార్డులు అతను తీసుకున్నాడో కూడా చెప్పింది. ఆమె వేలిముద్ర వేసేదాకా మామ్మగారు కుర్చీలోంచి కదలలేదు.

ఆ మనిషిని పట్టుకున్నారు. అతని పైవాళ్లు దొరికారో లేదో నాకు తెలియదు. ఆగిన డబ్బు కోర్టు ఆర్డరు మీద ఎన్నో నెలలకి మామ్మగారికి చేరింది. మిగతాది ఇక రాలేదు. సుకాంతి పోలీసులకి సాయం చేసిందని రాసిచ్చాక ఆమె కూలి ఖాతా విడిచిపెట్టారు గాని, అనుకున్నట్టే ఊళ్లో ఆ ఏడు పని దొరకలేదు. పక్క ఊళ్లో ఇటుకల పనికి వెళ్లింది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. మామ్మగారు ప్రేమగా ఏమీ మాట్లాడేది కాదు. "పిల్లకెలాగున్నాది? కార్డు నీకాడే ఉన్నాదా?" అని అడిగి పెట్టేసేది.

మరుసటి ఏడు కార్తీకంలో మామ్మగారు పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. సుకాంతికి ఆ మాట నేనే ఫోన్లో చెప్పాను. పెద్దకర్మ ఎప్పుడని అడిగింది.

పెద్దకర్మ రోజు వాకిలంతా జనం. అప్పడాలు ఒత్తే ఆడవాళ్లు, బజారు వర్తకులు, బంధువులు. గుమ్మంలో కొడుకు నిలబడి అందర్నీ లోపలికి పిలుస్తున్నాడు. అప్పుడు సుకాంతి పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. అతను ఆమె సంగతి విన్నాడు గాని, ఎప్పుడూ చూడలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అని ఒడియాలో అడిగాడు.

ఆమె చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూసింది. తరవాత తల ఎత్తి, అందరికీ వినబడేలా, "మీ అమ్మగారి డబ్బు నా ఖాతాలోనే పడింది" అంది.

వర్తకులు తలలు తిప్పి చూశారు. నేను ముందుకు రాబోయాను. కొడుకు చెయ్యి చూపించి నన్ను ఆపాడు. ఆమెని లోపలికి తీసుకువెళ్లి, తన భార్యతో చెప్పి పీట వేయించాడు. మంచినీళ్లు తనే తెచ్చి ఇచ్చాడు.

తిరిగి వచ్చేసరికి కొట్టుకి సరుకు అరువిచ్చే పైఊరి పెద్ద వర్తకుడొకాయన అతని భుజం మీద చెయ్యి వేసి, "ఎవరు బాబూ ఆ మనిషి? ఏం డబ్బు?" అని అడిగాడు.

కొడుకు లోపల పీట మీదున్న సుకాంతి వైపు చూశాడు. "కూకోండి, సెప్తాను" అన్నాడు. కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చున్నాడు. "మాయమ్మ మామిడికాయలు కొట్టిస్తన్నాది. అప్పుడొక ఫోనొచ్చినాది..."

ఎక్కడా దాచకుండా, మొదటినుంచీ చెప్పుకొచ్చాడు.